తెగిన వైరు కంటే వెనక్కి రాని వైరే ప్రమాదం

పాత కారులో యాక్సిలరేటర్ వైరు తెగితే ఏమవుతుంది? కాలు ఎంత నొక్కినా ఇంజిన్ పలకదు. కారు నెమ్మదించి రోడ్డు పక్కకు చేరుతుంది. చిరాకే గానీ, చాలాసార్లు అంతకు మించి నష్టం ఉండదు. అదే వైరు తెగకుండా, సగం దాకా లాగిన చోటే పట్టేస్తే? కాలు తీసినా ఇంజిన్ అదే జోరు మీద ఉంటుంది. ముందున్న లారీ బ్రేకు వేస్తుంది, మన కారు మాత్రం తోసుకుపోతూనే ఉంటుంది.

ఈ రెండు కష్టాలకూ మూలం ఒకటే: ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం ఉండే ఉక్కు తాడు. పాత మారుతీ 800కైతే ఇది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఎప్పుడో తయారీ ఆగిపోయిన స్పోర్ట్స్ కారుకైతే డబ్బు పెట్టినా దొరక్కపోవచ్చు. అందుకే తెగాక వెతుక్కోవడం కన్నా, ఎందుకు అరుగుతుందో ముందే తెలుసుకోవడం మేలు. ఇందులో అసలు విషయం ఒక్కటే. వైరు తనంతట తాను చెడిపోవడం అరుదు. దాని చుట్టూ ఉన్నదేదో దాన్ని చెడగొడుతుంది. ఆ కారణాన్ని వదిలేసి కొత్త వైరు వేస్తే, అదీ అక్కడే తెగుతుంది.

రైల్వే పట్టణానికి తెలిసిన సూత్రమే

ఖరగ్‌పూర్‌లోని మలంచా లాంటి పేటల్లో తెలుగు వినిపించడానికి కారణం రైల్వే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, ముందుగా ప్రస్తావనకు వచ్చిన ఊరు ఖరగ్‌పూరే.

ఇలాంటి ఊళ్లో పెద్దవాళ్లకు వైరు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పాత రైల్వే కేబిన్లలో లీవరు లాగితే, పట్టాల పక్కన కప్పీల మీదుగా సాగే తీగ దూరంగా ఉన్న సిగ్నల్ రెక్కను కదిలించేది. ఎండకు తీగ సాగేది, చలికి బిగిసేది. ఎప్పటికప్పుడు సర్దుకోవాల్సి వచ్చేది. అయితే ఆ ఏర్పాటులో ఒక కట్టుదిట్టం ఉండేది. తీగ తెగితే రెక్క తన బరువుతోనో, వెనకున్న ఎదురు బరువుతోనో ‘ఆగు’ అనే స్థితికి చేరాలి. పరికరం చెడినా ప్రమాదం వైపు కాకుండా భద్రత వైపు చెడాలన్నది రైల్వే సూత్రం.

కారు యాక్సిలరేటర్‌ను తయారు చేసినవాళ్లూ ఇదే సూత్రం పాటించారు. పెడల్ నొక్కితే వైరు లాగుతుంది, కార్బురేటర్‌లోని పళ్లెం లాంటి మూత తెరుచుకుంటుంది. కాలు తీస్తే ఆ మూతను మూసేది వైరు కాదు, స్ప్రింగు. వైరుకు లాగడమే తెలుసు, తోయడం రాదు. కాబట్టి వైరు తెగినా స్ప్రింగు తన పని తాను చేసుకుపోతుంది, ఇంజిన్ నెమ్మదిస్తుంది. ఈ కట్టుదిట్టం విఫలమయ్యేది రెండు సందర్భాల్లో: స్ప్రింగు బలహీనపడినప్పుడు, లేదా వైరు తన గొట్టంలోనే ఇరుక్కున్నప్పుడు.

స్పోర్ట్స్ కార్లకే ఎందుకింత తిప్పలు?

మలంచా వీధుల్లో రోజూ కనిపించేవి స్కూటర్లు, బైకులు, పాత మారుతీలు. స్పోర్ట్స్ కార్లు చూడాలంటే రైలు మార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోల్‌కతా వెళ్లాలి. అక్కడ స్టేట్స్‌మన్ పత్రిక నిర్వహించే పాతకార్ల ర్యాలీకి దశాబ్దాల చరిత్ర ఉంది. పాత ఎంజీలు, ట్రయంఫ్‌ల వంటి రెండు సీట్ల కార్లను మన దేశంలో ఇలాంటి చోట్లే దగ్గరగా చూడగలం.

మనకు మరింత దగ్గరి చుట్టరికం కూడా ఒకటుంది. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ చాలామంది తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1962లో బ్రిటన్‌లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు ఆ హెరాల్డ్ చాసిస్‌ను కుదించి కట్టినదే. రెండింటికీ రూపమిచ్చింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోటి. కాబట్టి ‘స్పోర్ట్స్ కారు’ అనగానే అదేదో మనకు పట్టని లోకమని అనుకోనక్కర్లేదు.

వైరు విషయంలో స్పోర్ట్స్ కారుకు కష్టాలు ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. మొదటిది, వీటిని నడిపేవాళ్లు పెడల్‌ను నేలకంటా నొక్కుతారు, ఠక్కున వదులుతారు. రెండోది దూరం. ఫియట్ ఎక్స్1/9, టయోటా ఎంఆర్2 వంటి కార్లలో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. ముందున్న పెడల్ నుంచి అక్కడిదాకా వైరు కారు పొడవునా మలుపులు తిరుగుతూ పోవాలి. మూడోది వేడి. ఇరుకైన ఇంజిన్ గదిలో వైరు సైలెన్సర్ గొట్టాల పక్కనుంచే పోవాల్సి వస్తుంది.

నాలుగోది మనం అంతగా గుర్తించనిది: కదలకుండా నిలిపి ఉంచడం. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం ప్రత్యేక వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఆ నంబరు తీసుకున్న బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతులకు, ఇంధనానికి తీయవచ్చు గానీ రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. నెలల తరబడి షెడ్డులో ఉన్న బండిలో వైరు తేమ పట్టి, గొట్టం లోపలే తుప్పుతో అతుక్కుపోతుంది.

గొట్టం లోపల ఏముంది?

దీన్ని బౌడెన్ కేబుల్ అంటారు. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ 1896లో బ్రిటన్‌లో దీనికి పేటెంటు పొందారు. సైకిల్ బ్రేకు నుంచి మోటార్‌సైకిల్ క్లచ్ దాకా అంతటా ఇదే. మన మెకానిక్కులు లోపలి తాడును ఇన్నర్ అనీ, బయటి గొట్టాన్ని ఔటర్ అనీ అంటారు. చివర పోతపోసిన లోహపు గుండు నిప్పిల్. ఔటర్ అంటే మెత్తటి గొట్టం కాదు. స్ప్రింగులా దగ్గరగా చుట్టిన ఉక్కు తీగ, దానిమీద ప్లాస్టిక్ తొడుగు. ఇన్నర్ లాగబడుతుంటే ఔటర్ నొక్కుడును భరిస్తుంది. అందుకే ఔటర్ రెండు చివర్లూ గట్టి ఆధారానికి ఆని ఉండాలి. ఒక చివర ఆధారం జారినా పెడల్ కదులుతుంది గానీ ఇంజిన్ స్పందించదు.

ఇన్నర్ ఒకే తీగ కాదు. 19 పోగులతోనో, ఏడేసి పోగుల జడలు ఏడు కలిపి 49 పోగులతోనో పేనుతారు. లావు తీగను పదేపదే వంచితే విరుగుతుంది. సన్నపోగు అదే వంపును చాలాకాలం తట్టుకుంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల తాడును 19 పోగులతో పేనితే ఒక్కో పోగు 0.3 మిల్లీమీటర్లు, 49 పోగులతో పేనితే 0.17 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. వైరు ఒక్కసారిగా తెగేది తక్కువ. ఒక్కో పోగే తెగి, ముల్లులా బయటికి లేస్తుంది. అలా లేచిన పోగు ఔటర్ అంచున చిక్కుకుంటే, పెడల్ వెనక్కి రాకపోవడానికి అదొక్కటే చాలు.

ప్రతి మలుపుకూ లెక్క ఉంది

వైరు ఎంత తిరుగుడు మార్గంలో పోతే రాపిడి అంత పెరుగుతుంది. ఇది కూడికలా కాక గుణకారంలా పెరగడమే చిక్కు. దారిలో రెండు లంబకోణపు మలుపులు, అంటే మొత్తం 180 డిగ్రీల వంపు ఉందనుకోండి. లోపల శుభ్రంగా, జారుడుగా ఉండి రాపిడి గుణకం 0.15 అయితే, అవతలి చివర 1 కిలో బలం చేరాలంటే ఇవతల 1.6 కిలోలు లాగాలి. తుప్పు పట్టి ఆ గుణకం 0.3 అయితే 2.6 కిలోలు లాగాలి.

లాగేటప్పుడు మన కాలికి బలముంది, సర్దుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు లాగాల్సింది స్ప్రింగు. అదే లెక్క ఇప్పుడు తిరగబడుతుంది. స్ప్రింగు 1 కిలో బలంతో లాగినా, తుప్పుపట్టిన వైరు ఇవతలి చివరకు చేరేది 400 గ్రాముల లోపే. పెడల్ ఇరుసు కూడా బిగుసుకుని ఉంటే ఆ బలం చాలదు, మూత సగం తెరుచుకునే ఉండిపోతుంది. పెడల్ కాస్త బరువెక్కిందని అనిపించినప్పుడే ఆ హెచ్చరికను పట్టించుకోవాలి. కాలికి తెలిసే బరువు, స్ప్రింగుకు అంతకన్నా పెద్ద భారం.

కాబట్టి వైరు దారిలో మలుపులు తక్కువగా, వెడల్పుగా ఉండాలి. మరీ బిగుతుగానూ ఉండకూడదు. రబ్బరు మౌంట్ల మీద ఇంజిన్ ఊగుతుంది. జోరుగా కదిలినప్పుడు ఇంజిన్ ఓ పక్కకు ఒరిగితే, బిగుతుగా ఉన్న వైరును అదే లాగుతుంది. కాలు కదపకపోయినా కారు కుదుపులతో సాగుతుంటే వైరుతో పాటు ఇంజిన్ మౌంట్లనూ చూడాలి.

కాలి బలమంతా ఆ చిన్న గుండు మీదే

నిప్పిల్ దగ్గర వైరు తరచూ తెగుతోందంటే మొదట అనుమానించాల్సింది పెడల్ స్టాపును. పెడల్ నేలకంటా వెళ్లేలోపే కార్బురేటర్ మూత పూర్తిగా తెరుచుకుని ఆగిపోతే, ఆ తర్వాత కాలు పెట్టే ఒత్తిడంతా వైరు మీద పడుతుంది. పెడల్ ఒక మీటలాంటిది. మూడింతల లెక్కన చూసినా, 20 కిలోల బలంతో నొక్కితే వైరు మీద 60 కిలోల లాగుడు పడుతుంది. బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద గుండు అంత బరువు ఎన్నాళ్లు మోస్తుంది? బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ ఎలీజ్ పాత మోడళ్ల యజమానులు చాలామంది వైరు తెగాక ఈ సంగతి గుర్తించి, పెడల్ కింద స్టాపు సరిచేయించుకున్నారు. మూత పూర్తిగా తెరుచుకునే క్షణానికే పెడల్ తన స్టాపుకు ఆనాలి. అది ఒక బోల్టును తిప్పినంత పని.

రెండో అనుమానం నిప్పిల్ కూర్చునే గూడు. మీట కదిలినప్పుడు నిప్పిల్ ఆ గూటిలో తిరగాలి. మడ్డి, తుప్పు పట్టి తిరగకపోతే, ప్రతి నొక్కుడుకూ వైరు అదే చోట వంగుతుంది. ఊళ్లో గంటసేపు నడిపితే వందలసార్లు నొక్కి వదులుతాం. గూటిలో ఓ చుక్క నూనె వేస్తే చాలేదానికి, ఏటా కొత్త వైరు కొంటూ ఉండేవాళ్లున్నారు.

ఎర్తు తెగితే కాలేది యాక్సిలరేటర్ వైరు

ఇది వింతగా అనిపించినా వర్క్‌షాపుల్లో బాగా తెలిసిన కారణం. స్టార్టర్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకు పైగానే కరెంటు లాగుతుంది. ఆ కరెంటు ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లడానికి మందపాటి ఎర్తు పట్టీ ఉంటుంది. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మీద కాబట్టి ఆ పట్టీ తెగినా, తుప్పు పట్టినా కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. అప్పుడు ఇంజిన్‌కూ బాడీకీ మధ్య మిగిలే లోహపు దారులు యాక్సిలరేటర్ వైరు, చోక్ వైరు లాంటివే.

అంత కరెంటుకు సన్నటి వైరు ఎర్రగా వేడెక్కుతుంది. లోపలి ప్లాస్టిక్ పూత కరిగి అతుక్కుపోతుంది, ఉక్కు తన పటుత్వం కోల్పోతుంది. స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ బిగుసుకుపోవడం, వైరు వేడిగా తగలడం, కాలిన ప్లాస్టిక్ వాసన, ఇవి దాని గుర్తులు. మల్టీమీటర్ ఉంటే తేల్చుకోవడం తేలిక. ఒకరు స్టార్టర్ తిప్పుతుండగా ఇంజిన్ దిమ్మకూ, బ్యాటరీలో ఎర్తుకు కలిపిన కొసకూ మధ్య వోల్టేజి చూడాలి. 0.2 వోల్టుల దగ్గర ఉంటే ఎర్తు బాగున్నట్టే. 0.5 దాటితే పట్టీ మార్చాలి. పాత బ్రిటిష్ కార్లలో కొన్నింటికి ప్లస్ కొసే ఎర్తుకు కలిపి ఉంటుంది, అది చూసుకుని మీటరు పెట్టాలి.

నూనె పోయాలా, వద్దా?

దీనికి జవాబు వైరు రకాన్ని బట్టి ఉంటుంది. పాతకాలపు ఔటర్‌లో లోపల పూత ఉండదు, ఉక్కు మీద ఉక్కు రాసుకుంటుంది. దానికి పలుచటి నూనె కావాలి. పాలిథిన్ కవరును గరాటులా వైరు పై చివర కట్టి, నూనె పోసి, కింది చివర నుంచి శుభ్రమైన నూనె కారేదాకా వేలాడదీసే మన మెకానిక్కుల పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది.

లోపల టెఫ్లాన్ లేదా నైలాన్ పూత ఉన్న వైర్లకు సాధారణంగా నూనె అక్కర్లేదు. ముఖ్యంగా గ్రీజు పెట్టకూడదు. అది దుమ్మును పట్టి ఉంచుతుంది. ఖరగ్‌పూర్ నేల ఎర్రమట్టి, గరుకు కంకర కలిసిన లేటరైట్ నేల. వేసవిలో లేచే ఆ సన్నటి దుమ్ము గ్రీజులో కలిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. వానాకాలంలో తేమ దానికి తోడవుతుంది. ఔటర్ చివర్లలో రబ్బరు టోపీలు చినిగిపోకుండా చూసుకోవడం గ్రీజు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

నెలకోసారి పది నిమిషాలు

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. కార్బురేటర్ దగ్గర మీటను చేత్తో తెరిచి వదలండి. టక్కుమని పూర్తిగా మూసుకోవాలి. తర్వాత ఒకరిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ నేలకంటా నొక్కించి, మూత పూర్తిగా తెరుచుకుందా, పెడల్ స్టాపుకు ఆనిందా చూడండి. నెమ్మదిగా వదలమనండి. ఎక్కడైనా ఒక్క క్షణం తటపటాయించినా వైరును విప్పి చూడాల్సిందే.

పెడల్ పైకి వచ్చి ఉన్నప్పుడు వైరులో రెండు, మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. రెండు చివర్లనూ టార్చి వేసి చూడండి. ఒక్క పోగు లేచి కనిపించినా ఆ వైరు ఆయుష్షు తీరినట్టే. లేచిన పోగును కత్తిరించి సరిపెట్టుకోవద్దు. వైరు బాడీలోంచి దూరే చోట రబ్బరు వాషర్ ఊడిపోతే, రేకు అంచు వైరును కోస్తుంది. కార్బురేటర్ దగ్గర స్ప్రింగు ఒకటే ఉంటే రెండోది కూడా తగిలించడం మంచిది. పెడల్ దగ్గరున్న స్ప్రింగు పెడల్‌ను పైకి తేగలదేమో గానీ, దూరంగా ఉన్న మూతను మూయలేదు.

చివరగా కాళ్ల కింద పట్టా. 2009, 2010 సంవత్సరాల్లో అమెరికాలో టయోటా లక్షల కార్లను వెనక్కి పిలిచినప్పుడు చాలామంది ఎలక్ట్రానిక్స్‌నే తప్పుబట్టారు. నాసా ఇంజినీర్లు పరిశీలించి 2011లో ఇచ్చిన నివేదికలో ఎలక్ట్రానిక్స్ లోపం దొరకలేదు. తేలిన కారణాలు పెడల్‌కు అడ్డుపడ్డ పట్టాలు, తిరిగి రాని పెడళ్లు. వైరు ఎంత కొత్తదైనా, జారిన పట్టా ముందు దాని పని సాగదు.

దొరకని వైరును చేయించుకోవాల్సి వస్తే

పాత వైరునే కొలతగా ఇచ్చి కొత్తది కట్టించుకోవచ్చు. ఇన్నర్ మొత్తం పొడవు, ఔటర్ పొడవు, ఈ రెండింటి తేడా మూడూ సరిపోవాలి. కత్తిరించే చోట ముందే టంకం పెడితే పోగులు విచ్చుకోవు. నిప్పిల్ అతికేటప్పుడు తాడు చివర పోగుల్ని పువ్వులా విప్పదీసి, గుంటలో కూర్చోబెట్టి టంకం నింపాలి. ఊరికే దూర్చి అతికితే జారి వస్తుంది. వేడి ఎక్కువైతే టంకం తాడులోపలికి పాకి ఆ భాగం కడ్డీలా బిగుసుకుంటుంది, సరిగ్గా అది ఆగిన చోటే తర్వాత తెగుతుంది. సైకిల్ బ్రేకు వైరుకు స్క్రూ నిప్పిల్ బిగించి నడపడం ఇల్లు చేరడానికి మాత్రమే. ఆ స్క్రూ పోగుల్ని నలిపేస్తుంది.

దారిలో పట్టేస్తే

మలంచా నుంచి సొంతూరికి కారులో బయలుదేరితే 16వ నంబరు జాతీయ రహదారి మీద బాలేశ్వర్, భువనేశ్వర్ దాటుకుని శ్రీకాకుళం చేరేసరికి 600 కిలోమీటర్లకు పైనే. పొడవునా లారీలే. అలాంటి రోడ్డు మీద పెడల్ వెనక్కి రాకపోతే చేయాల్సినవి వరసగా గుర్తుంచుకోవాలి. వెంటనే క్లచ్ నొక్కండి, లేదా గేరు న్యూట్రల్‌లోకి తీయండి. ఇంజిన్ గొంతెత్తి అరుస్తుంది, అరవనివ్వండి. బ్రేకును ఒకేసారి గట్టిగా నొక్కి పట్టండి. పదేపదే నొక్కి వదలొద్దు. మూత తెరిచి ఉన్నప్పుడు బ్రేకు బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ తయారు కాదు, ఉన్న కాస్తా రెండు మూడు నొక్కుళ్లకే ఖర్చవుతుంది. తాళం ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పి ఇంజిన్ ఆపండి. పూర్తిగా తిప్పితే స్టీరింగ్ లాక్ పడొచ్చు. పెడల్‌ను చేత్తో లాగడానికి వంగితే మాత్రం రోడ్డు మీద చూపు పోతుంది.

1980ల చివర్లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్ కార్లలో వైరు స్థానంలో ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ తెచ్చింది. ఇప్పుడొచ్చే కార్లన్నీ దాదాపు అలాంటివే. ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్‌లో చెడిందేమిటో కంప్యూటర్ చెబితే గానీ తెలియదు. వైరు అలా కాదు, చెడిపోయే ముందు కాలికి బరువుగా, కంటికి లేచిన పోగుగా, చెవికి కీచుమనే చప్పుడుగా తన సంగతి తానే చెబుతుంది. ఆ మాట వినిపించుకున్నవాళ్ల చేతుల్లో పాత కారు ఇంకా చాలా ఏళ్లు క్షేమంగా తిరుగుతుంది.